వేగమా, చోటా?

“కాస్త గట్టిగా చెప్పండమ్మా, ఒక్క ముక్కా వినబడటం లేదు!”

కౌంటర్ అవతల నిలబడ్డ పెద్దావిడ మెడకు చుట్టుకున్న గుడ్డ సవరించుకుంది. గొంతుకు ఆపరేషన్ అయిందనీ, ఇంతకంటే పైకి రాదనీ గుసగుసగా చెప్పింది.

కంప్యూటర్ షాపతను నాలుక కరుచుకున్నాడు.

ఆవిడ సంచిలోంచి పాత హార్డ్ డిస్కులు నాలుగు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇవన్నీ ఒకే దాంట్లోకి ఎక్కించాలి బాబూ. ఏదీ పోకూడదు.”

షాపతనికి వేగమంటే పిచ్చి. ఆవలించేంత సేపు ఆగమన్నా ఆగలేడు. వీధిలో అందరూ ‘రాకెట్టు’ అంటారు, అలా పిలిస్తేనే పలుకుతాడు.

అగ్గిపెట్టెంత ఎస్సెస్‌డీ అనే కొత్తరకం డిస్కు ఒకటి తీసి చూపించాడు.

“ఇది పట్టుకెళ్లండి. ఇలా నొక్కితే అలా తెరుచుకుంటుంది.”

“అన్నీ పడతాయా?”

“అన్నీ ఎక్కడమ్మా! ఈ ధరలో వేగం కావాలంటే చోటు తగ్గుతుంది. మీ నాలుగింట్లో ఒకటి పడుతుందంతే. మిగతావి తీసేయండి, పీడా పోతుంది.”

“పై అరలో ఉన్న ఆ లావుపాటి డిస్కో?”

“అదే ధర. నాలుగూ పట్టి ఇంకా మిగులుతుంది. కానీ లోపల పళ్లెం తిరగాలి, ముల్లు వెతకాలి. నత్తకి అన్నగారు. ఆలస్యం అమృతం విషం అన్నారు కదా!”

“నిదానమే ప్రధానం అన్నదీ మనవాళ్లే. చోటే ఇవ్వు బాబూ. ఇందులో ఒక్కటి తగ్గినా ఎవరికో ఒక ఏడాది పోతుంది.”

ఏ పాత సీరియళ్లో దాచుకుని ఉంటుంది అనుకున్నాడు షాపతను. పాపం, వయసు!

ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, తెర మీద పాకుతున్న పచ్చగీతను హాయిగా చూస్తూ ఉండిపోయింది.

మూడో డిస్కు కరకరలాడి ఆగిపోయింది.

“దీని ఆయుష్షు తీరిందమ్మా. వదిలేద్దామా?”

ఆవిడ ముఖం వాడిపోయింది.

“ఇంకొక్కసారి చూడు నాయనా. నీకు పుణ్యముంటుంది.”

ఆ ముఖం చూశాక కాదనలేకపోయాడు. డిస్కును చల్లారనిచ్చి, ఫైళ్లను కొద్దికొద్దిగా, బతిమాలుతున్నట్టు లాగాడు. ఈ లెక్కన రాకెట్టు కాదు, ఎడ్లబండి. సాయంత్రానికి అన్నీ వచ్చాయి.

ఆవిడ కొత్త డిస్కును రెండు చేతులా అందుకుంది. సంతోషం పట్టలేక అతని తల నిమిరింది.

“ఆ పాతవి నాకెందుకులే. తుడిచేసి తుక్కులో పడెయ్యి. బస్సుకి వేళయింది.”

ఆవిడ అటు వెళ్లిందో లేదో, బడి నుంచి అతని భార్య వచ్చింది. పిల్లలకు చరిత్ర చెబుతుంది. పుట్టుకతో చూపు లేదు. చేతికర్రతో గడప చూసుకుని లోపలికి అడుగు పెట్టింది.

తుడిచే ముందు సరైన డిస్కేనా అని ఒక ఫైలు తెరవడం అతని అలవాటు. తెరిచాడు. స్పీకర్లో ఒక ఆడగొంతు పలికింది, నిండుగా, తీరిగ్గా.

“మూడో పాఠం. నదులు, తొలి నగరాలు...”

“ఆపకండి!” అంది భార్య. “ఎవరిదా డిస్కు?”

“ఎవరో పెద్దావిడది. తుడిచేయమంది.”

“తుడిచారంటే ఊరుకోను! ఎక్కడుందావిడ?”

“ఇప్పుడే బస్సుకి వెళ్లింది.”

“పరుగెత్తండి!”

పరుగెత్తాడు. స్టాపు ఖాళీగా ఉంది. రొప్పుతూ తిరిగొచ్చేసరికి భార్య స్టూలు మీద కూర్చుని, స్పీకర్ కంటే ముందే తరువాతి వాక్యం చెప్పేస్తోంది. ముఖమంతా నవ్వు.

“బస్సు వెళ్లిపోయింది. ఇంతకీ ఎవరోయ్ ఆవిడ?”

“బళ్లో మొదటి పుస్తకం నుంచి బీఎడ్ ఆఖరి పుస్తకం దాకా, ఒక్క పేజీ వదలకుండా రికార్డుల్లో నాకు చదివిపెట్టిన గొంతండీ ఇది.”