శఠగోపం తప్పిన తల

హారతయ్యాక సుబ్బరామయ్య పంతులు శఠగోపం పట్టుకుని వరసగా అందరి తలల మీదా పెట్టుకుంటూ వచ్చాడు. బంగార్రాజు దగ్గరికొచ్చేసరికి ఆ చెయ్యి ఆగలేదు. అతని ముందునుంచి జరిగిపోయి పక్కనున్న రమణబాబు తల మీద దిగింది.

బంగార్రాజు వంచిన తల వంచినట్టే ఉండిపోయాడు. వెనకెవరో కిసుక్కుమన్నారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళు కట్టుకున్న రామాలయానికి అతనే ప్రెసిడెంటు. ఆ పంతుల్ని విజయనగరం నుంచి రప్పించి ఉద్యోగం ఇచ్చిందీ అతనే. అలాంటి మనిషి తలకే శఠగోపం లేకపోతే ఇంక పరువేం మిగిలినట్టు? అక్కడ నోరు విప్పితే ఆ మిగిలింది కూడా పోతుందని, తీర్థమైనా పుచ్చుకోకుండా బయటికి నడిచాడు.

కమిటీ సెక్రటరీ రమణబాబు మెట్ల దగ్గర అందుకున్నాడు.

"మరిసిపోయుంటాడు అన్నా."

"అందరూ గురుతున్నారు గానీ నానొక్కణ్ణే మరుపొచ్చీసినానేటి? రేపు మీటింగెట్టు. పంతుల్ని మార్చీద్దుం. మనమిచ్చిన క్వార్టర్ తాళాలు కూడా తీసీసుకో."

ఇంటికొచ్చి, అత్త మీద కోపం దుత్త మీద తీర్చినట్టు, భార్య అప్పయమ్మ తెచ్చిన కాఫీ గ్లాసు పక్కకి తోసేశాడు.

"ఏటయిందో సెప్పి మరీ తొయ్యండి," అంది అప్పయమ్మ.

చెప్పాడు. ఆవిడ గ్లాసు తీసి గట్టు మీద పెట్టింది.

"ఆ పంతులు నోట్లో నాలిక లేని మనిషి. ఊరికే మిమ్మల్నొగ్గీడు. తలకేటైనా అంటుకుందేటో, కూకోండి, సూత్తాను."

అప్పయమ్మ ఎత్తు అతని భుజం దాటదు. నడినెత్తిని దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో ఆవిడకే తెలీదు. బట్టతల మీద అర్ధరూపాయంత పుండు. అంచులు గట్టిపడ్డాయి. పైన పచ్చటి పెచ్చు, దాని కింద నెత్తురు చెమ్మ.

"ఇదెప్పట్నించి?"

"హోలీ ముందు దోమేదో కుట్టింది. గోకుతుంటే మానడం నేదు."

"హోలీ ఎళ్ళి దసరా వస్తంది," అంది అప్పయమ్మ. "అందుకే పెట్టనేదు ఆయన. నెత్తురోడే తల మీద దేవుడి పాదాలెలా పెడతాడు? నలుగుర్లో సెప్తే మీకు నామోషీ అని ఊరుకున్నాడు."

బంగార్రాజుకి అంతసేపూ ఎగిరిన కోపం పోయి భయం పట్టుకుంది. రమణబాబుకి ఫోన్ చేసి, "మీటింగ్ ఇప్పుడొద్దురా," అన్నాడు.

ఆసుపత్రిలో చర్మ డాక్టరు ప్రణీత తెలుగమ్మాయే. అతని తలని లైటు కిందికి వంచి వేళ్ళతో తడిమి చూసింది. పుండొక్కటే కాదు, చుట్టూ మచ్చలు, ముడతలు, గరుగ్గా పొలుసులు.

"ఏం పని చేసేవారు అంకుల్?"

"గ్యాంగ్ మేట్నమ్మా. రిటైరయ్యేదాకా డ్యూటీ అంతా ఎండలో పట్టాల మీదే."

"తలకి ఏమీ కట్టుకునేవారు కాదా?"

"జుట్టున్నన్నాళ్ళూ తువ్వాలు కట్టీవోణ్ణి. ఊడిపోయాక మానీసినాను. బట్టతల దాసుకుంటన్నాడని కుర్రోళ్ళు నవ్వుతారని."

"జుట్టుంటే కొంతైనా నీడ అంకుల్. అది పోయాకే తప్పకుండా కట్టుకోవాల్సింది. ఎండంతా నేరుగా చర్మం మీదే పడింది. మీకంటే మీ నెత్తి ముందు ముసలిదైపోయింది. ముక్క తీసి పరీక్షకి పంపిస్తాను."

"కేన్సరా అమ్మా?" అప్పయమ్మ అడిగేసింది.

"మన ఛాయవాళ్ళకి అరుదే ఆంటీ. కానీ రిపోర్టు వచ్చేదాకా లేదని చెప్పలేను."

ఆ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలిగింది గానీ ముద్ద దిగలేదు. అప్పయమ్మ గోల్ బజార్ వెళ్ళి వెడల్పు అంచుల టోపీ ఒకటి కొనుక్కొచ్చింది. బంగార్రాజు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. చావంటే తనకి లెక్కలేదని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. అదంతా కోతలేనని ఇప్పుడు తెలిసింది.

కేన్సరే అని వచ్చింది.

"అయితే ఇంకా లోతుకి దిగలేదు," అంది ప్రణీత. "కోసి తీసేస్తే సరిపోతుంది. ఇంకా ఆలస్యం చేసుంటే ఎముక దాకా వెళ్ళేది. ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకి దండం పెట్టుకోండి."

కుట్లు విప్పాక వచ్చిన శనివారం బంగార్రాజు గుడికెళ్ళాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, పంతులు శఠగోపం అందుకునేలోపే జనానికి ఎదురుగా నిలబడ్డాడు.

"ఒక మాట. నా పెళ్ళానికి కనపడంది, నాకే తెలీంది, ఈ పంతులుగారి కళ్ళకి కనపడింది. ఆ కళ్ళే నా పానం కాపాడినాయి. నానున్నంత వరకూ ఈ గుడికి ఈయనే పంతులు."

అందరూ చప్పట్లు కొట్టారు. బంగార్రాజు వంగి పంతులు కాళ్ళకి దండం పెట్టాడు.

పంతులు బంగార్రాజు చెయ్యి పట్టుకుని ప్రసాదాల గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

"ఉంచినా తీసేసినా మీ దయ బాబూ. దేవుడి ఎదట ఈ పొగడ్త నేను మొయ్యలేను."

"అదేటి పంతులుగారూ? మీరు సూడబట్టే కదా నాను బతికినాను."

"ఏడాదై నాకు చూపు సరిగ్గా ఆనడం లేదు. చెబితే పని పోతుందని చెప్పలేదు. రోజూ మీ గొంతు విని మీరున్నారని తెలుసుకునేవాణ్ణి. ఆ వేళ మీరు పలకలేదు," అన్నాడు పంతులు తలదించుకుని. "నల్లగా జుట్టు ఆనిన చోటల్లా శఠగోపం పెట్టుకుంటూ వచ్చాను బాబూ. మీ దగ్గరికొచ్చేసరికి, అక్కడ మనిషే లేడనుకున్నాను."