చేదు పరీక్ష

టీబీ వార్డు ఊడ్చే సుగ్రా బేగం కొత్త మాస్కు పెట్టుకుంది. నర్సు లలితమ్మ ఆమె తలంతా కప్పేలా ప్లాస్టిక్ తొడుగు వేసి, దాని లోపలికి చేదు మందు కొట్టింది.

"నోరు తెరిచి గాలి పీల్చు సుగ్రక్కా. చేదు తగిలిందంటే మాస్కు సందుల గాలి దూరినట్టే. వార్డుల అడుగు పెట్టనియ్య."

సుగ్రా రంజాన్ ఉపవాసంలో ఉంది. నాలుక మీద చుక్క పడితే రోజా పోతుందని, మాస్కు చాటున పెదవులు బిగబట్టి ముక్కుతోనే పీల్చింది.

"ఏం తగుల్తలేదమ్మా."

"నీ మొకానికే కుట్టినట్టుంది, పో!"

సుగ్రా వార్డంతా తుడిచింది. గట్టు ఊరి నుంచి వచ్చిన ముసలాయన దగ్గలేక వాలిపోతుంటే పట్టుకుని కూర్చోబెట్టింది.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినబడగానే బయటికొచ్చి మాస్కు తీసింది. అల్లాను తలుచుకుని ఖర్జూరం నోట్లో పెట్టుకుంది.

తీపి కంటే ముందు, పెదవుల మీది చేదు నాలుకకు తగిలింది.