నున్నని గడ్డం

జగన్నాధం ఫొటోను వెలుతురుకి పట్టుకుని, బొమ్మలోని పిల్ల గడ్డం మీద బొటనవేలితో రుద్దాడు.

"ఇదేటి నరసింగం, మసి అంటిందా?"

"మసి కాదు గురువుగారూ. పచ్చబొట్టు. మూడు చుక్కలు."

"తీసెయ్."

నరసింగరావుకి ఆ మాట తీర్పులాగే వినిపించింది. ఆమదాలవలసలో రైలు స్టేషనుకి ఎదురుగా స్టూడియో పెట్టిన నాటి నుంచి అతను తీసినవన్నీ పెళ్ళి ఫొటోలూ, పోయినవాళ్ళ ఫొటోలూను. అరవై ఎనిమిది వేసవిలో మొదటిసారి తన కోసం తీసుకున్న బొమ్మలివి. మద్రాసులో పోటీకి పంపాలి. అందుకే విజయనగరం నుంచి పెద్ద ఫొటోగ్రాఫరు జగన్నాధాన్ని బతిమాలి రప్పించి, భోజనం పెట్టి మరీ అభిప్రాయం అడిగాడు.

"వెలుతురు బాగా పట్టావు. కళ్ళు మనతో మాట్లాడుతున్నట్టే ఉన్నాయి. కానీ ఆ చుక్కల్ని మద్రాసు వాళ్ళు నెగటివు మీద పడ్డ మచ్చలనుకుంటారు. పెన్సిలు లేదేటి నీ దగ్గర?"

లేకేం! ఊళ్ళో వాళ్ళ మశూచి మచ్చలూ, ముడతలూ నెగటివు మీద పెన్సిలుతో మాయం చేయడంలో నరసింగరావు చెయ్యి తిరిగినవాడు. ఆ సాయంత్రమే మూడు చుక్కలూ మాయమయ్యాయి. చుక్కలున్న ఫొటో సొరుగులోకి పోయింది. మర్నాడు పొద్దున్నే కొత్తది, పెద్దది, వీధి వైపున్న అద్దాల బీరువాలోకి ఎక్కింది.

బీరువాలో పెట్టాలన్నది మోడలు షరతు.

ఆ పిల్ల పేరు అమ్మడు. ఈ మధ్యనే నెల్లిమర్ల నుంచి వచ్చి రైసుమిల్లులో కుదిరింది. ఎండలో నిలబడి ధాన్యం చెరుగుతుంటే ఆ మొహం చూసి, ఫొటోకి కూర్చోమని అడిగాడు నరసింగరావు.

"కూసుంటాను గానీ బాబూ, రైలు దిగినోలందరికీ అగుపడేలాగ ఎడతారా?" అంది.

తన మొహమంటే ఎంత మురిపెమో ఈ పిల్లకి, అని నవ్వుకున్నాడు. ఎందుకని మాత్రం అడగలేదు.

ఆ పూట బీరువా ముందు ఆగినవాళ్ళందరినీ "ఎలా ఉంది?" అని పీక్కుతిన్నాడు.

"సినిమాల్లోకి పంపవయ్యా" అన్నాడు స్టేషను మాస్టరు.

"మా కోడలికీ ఇలాగే నున్నగా తీసిపెట్టాల" అన్నాడు బియ్యం షావుకారు.

నరసింగరావు పొంగిపోయాడు.

మధ్యాహ్నం పాసింజరు దిగి, ఎండుచేపల గంపతో ఒక ముసలామె అటుగా వచ్చింది. బీరువా ముందు ఆగింది. గంప దించింది.

చేపల వాసనకి బేరాలు పోతాయని, ఆమెను పొమ్మనడానికే నరసింగరావు బయటికి వచ్చాడు. కానీ ఆమె కన్నార్పకుండా చూస్తోంది. అంతసేపు మరెవరూ చూడలేదు. పొమ్మనలేకపోయాడు.

"ఎలాగుంది మామ్మా?"

"సక్కగున్నాది బాబూ. ఈ గుంట ఎవులు?"

"ఇక్కడ మిల్లులో పిల్ల."

ఆమె అద్దానికి మొహం ఆనించింది.

"గెడ్డం మీద ఏటీ నేదా బాబూ? సుక్కల్లాటివి?"

నరసింగరావుకి చురుక్కుమంది. పెన్సిలు పని ఎక్కడో బయటపడిందనుకున్నాడు. ఊరంతా మెచ్చిన బొమ్మకి ఎండుచేపలమ్మే మనిషి వంక పెట్టడమా! సొరుగులో ఉన్న ఫొటో తీసి చూపించొచ్చు. చూపిస్తే తన గుట్టు తనే విప్పుకున్నట్టు.

"ఏటీ లేదు. ఆ పిల్ల గెడ్డమే అంత. నున్నగా ఉంటాది."

"ఎప్పుడూ అంతేనా?"

"ఎప్పుడూ అంతే."

ముసలామె మెల్లగా తలూపింది.

"ఐతే బాగున్నాది బాబూ" అని, గంప నెత్తికెత్తుకుని తిరిగి స్టేషను వైపే నడిచింది.

మిల్లు వదిలాక అమ్మడు వచ్చింది. తన బొమ్మ చూసుకుంది. నవ్వలేదు.

"నా సుక్కలేవి బాబూ?"

"తీసేశాను. అవి లేకపోతేనే అందంగా ఉన్నావు. అందరూ మెచ్చుకున్నారు."

"అందం నాకెందుకు?" అంది గొంతు పెంచకుండానే. "సిన్నప్పుడు రైల్లో నిద్దరోయి తప్పిపోనాను. నెల్లిమర్లలో ఎవులో పెంచినారు గానీ, మా సొంతూరి పేరు కూడా తెల్దు. మొకం మారిపోయినా సుక్కలు మారవు గదా. మావోలు ఎవులైనా రైలు దిగితే, అయ్యి సూసి పోల్సుకుంటారని ఎట్టమన్నాను."

నరసింగరావుకి మధ్యాహ్నం ముసలామె అడిగిన మాట గుర్తొచ్చింది.

గబగబా రోడ్డు దాటాడు. కాళ్ళు నడుస్తున్నాయి గానీ, లోపల భయమూ లేదు, బాధా లేదు. అన్నీ గడ్డకట్టేసినట్టుంది.

ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. పోర్టరు అసిరయ్య బల్ల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"అసిరయ్యా, ఎండుచేపల ముసలామె వచ్చింది చూడు, ఎక్కడుంది?"

"మజ్జాన్నమే ఎల్లిపోనాది గదా బాబూ, పలాస బండికి."

"ఏ ఊరు ఆమెది? మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

అసిరయ్య బీడీ నోట్లోంచి తీశాడు.

"ఊరు సెప్పనేదు. ఇంక రాదు బాబూ. తప్పిపోయిన కూతురి కోసం ఇన్నేల్లూ టేసను టేసనుకీ దిగి ఎతికినాదట. 'పోలికలు సూసి మోసపోయే ఓపిక ఇంక నేదు, నా గుంట సచ్చిపోనాదనే అనుకుంటాను' అని సెప్పి బండెక్కేసినాది."