చీమలవాగు దాటాలంటే

సంతకం లేకుండా ఈ ఇంట్లోంచి బయటికి రాకూడదని గట్టిగా అనుకునే గేటు తీశాడు సైదా.

చిలకలూరిపేటలో ఆ వీధికంతటికీ పెద్ద ఇల్లు అది. రిటైర్డ్ ఇంజినీరు బుల్లయ్యగారిది. మూడు రోజులకి ఏడు సీట్ల కారు కావాలని ఆయన వీరబాబు ట్రావెల్స్‌కి ఫోన్ చేస్తే, ఆ బాడుగ నాకివ్వన్నా అని సైదా అడిగి మరీ పుచ్చుకున్నాడు.

హాల్లో బల్ల నిండా కాగితాలు పరిచి కూర్చున్నారు బుల్లయ్యగారు. చూస్తే యుద్ధానికి పోతున్నారనుకోవాలి. ఎన్నింటికి లేవాలి, ఎక్కడ ఇడ్లీ తినాలి, ఎక్కడ ఒంటికి ఆగాలి, అన్నీ నిమిషాలతో సహా గళ్లు గీసి పెట్టారు. అదంతా పచ్చ సిరాతో. రిటైరై రెండేళ్లయినా గెజిటెడ్ ఆఫీసరు పచ్చ పెన్ను ఆయన జేబు దిగలేదు. పాలవాడి చీటీ మీద కూడా దాంతోనే సంతకం.

"రాసుకో. మొదటి రోజు దాచేపల్లి మీదుగా చీమలవాగు. బల్లకట్టు మీద కారు అవతలికి దాటించి, మా వియ్యంకుడి మిరప తోటలో భోజనం. రెండో రోజు సాగర్. మూడో రోజు మార్కాపురం మీదుగా ఇంటికి."

"బల్లకట్టెందుకు సార్? వంతెన మీంచి పోదాం."

"ఏ వంతెన?"

"చీమలవాగు మీద వంతెన ఉందంట కదండీ."

బుల్లయ్యగారి బొజ్జ ఊగింది. నవ్వడానికి ఆయన మొత్తం ఒళ్లు వాడతారు.

"ఏమేవ్, విన్నావా? చీమలవాగు మీద వంతెనంట!"

"ఆ అబ్బాయికేం తెలుసు పాపం," అంది వంటింట్లోంచి ఆవిడ. "బల్లకట్టేనని చెప్పండి. మనవడు దాని మీద వీడియో తీసుకోవాలని ఎగురుతున్నాడు."

"ఎవడు చెప్పాడయ్యా నీకు?"

"ఆఫీసులో అన్నారు సార్."

"ఆఫీసులో కూచున్నోళ్లు సవాలక్ష అంటారు. పోయిన నెలే వియ్యంకుడి ఇంటికి వెళ్లొచ్చాను. అక్కడ ఒక్క పిల్లరు లేదు. గంపెడు కంకర లేదు. ముప్పై నాలుగేళ్లు రోడ్లూ వంతెనలూ చూసినోణ్ణి, నాకు చెప్తావా?"

సైదా తల గోక్కున్నాడు.

"నేనూ కట్టేశారేమో అనుకున్నా సార్. మా చెల్లెలు రుక్సానాని వాగు అవతలి ఊరికే ఇచ్చాం. రెండేళ్ల కిందట నొప్పులొస్తే బల్లకట్టే ఎక్కించాం. వాగు మధ్యలో ఇంజను ఆగిపోయింది. ప్రాజెక్టు వెనకనీళ్లు తన్నుకొచ్చి అప్పటికే అది ఏరంత ఉంది. గంటంపావు అక్కడే. ఇటు ఒడ్డున అంబులెన్సు కూత వినపడతానే ఉంది."

"అయ్యో. మరి?"

"తల్లి దక్కింది సార్."

బుల్లయ్యగారు ఒక్క నిమిషం బాధపడ్డారు. కచ్చితంగా ఒక్క నిమిషమే. ఆయనకి టైమంటే టైమే. తరవాత పచ్చ పెన్ను తీసి, మొదటి రోజు గడిలో బల్లకట్టు పక్కన రాశారు: డీజిలు ముందే చూసుకోమని చెప్పాలి.

"మంచి మాట గుర్తు చేశావయ్యా," అన్నారు.

సైదా గోడ మీది గడియారం వంక చూశాడు. దాని కింద బుల్లయ్యగారి సన్మానం ఫొటోలు వరసగా నాలుగున్నాయి. అన్నింట్లోనూ శాలువాలే.

"అయితే సార్, బల్లకట్టెక్కించాలంటే కాగితం కావాలి. కారు నీళ్లల్లోకి జారితే పూచీ ఎవరిదంటాడు ఓనరు. తమరు ఒక్క ముక్క రాసివ్వాలి."

"ఏం రాయాలి?"

"వంతెన లేదు, బల్లకట్టు తప్ప వేరే దారి లేదు, అంతే సార్. నాబోటి డ్రైవరు చెప్తే ఎవడు నమ్ముతాడండీ? తమంతటి ఇంజినీరు రాస్తే ఇంక దానికి తిరుగుండదు."

ఆ మాట బుల్లయ్యగారికి నెయ్యి పోసిన ముద్దపప్పులా దిగింది. మామూలు కాగితం పక్కన పడేసి లెటర్‌హెడ్డు తీశారు. రిటైరయ్యాక ప్రత్యేకంగా అచ్చేయించుకున్నది. పేరు పెద్దక్షరాల్లో, దాని కింద ఒకప్పటి హోదా ఇంకా పెద్దక్షరాల్లో.

రాశారు. సైదా భుజం మీంచి తొంగి చూస్తూనే ఉన్నాడు.

"తారీకు సార్."

"వేశాలేవయ్యా."

"తమరు స్వయంగా వెళ్లి చూశారని కూడా ఒక ముక్క..."

"ఓరి నీ! సర్వీసులో ఉన్నప్పుడు కూడా నన్నెవడూ ఇన్ని ప్రశ్నలడగలేదు."

"అందుకేనండీ, మా ఓనరు ఒట్టి అనుమానపు మనిషి."

అదీ రాశారు. కింద సంతకం గీశారు. మూడు చుట్లు తిరిగి, బల్లి తోకలా కాగితం అంచుదాకా సాగిన సంతకం.

సైదా దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. సిరా ఆరేదాకా నోటితో ఊదాడు. శుక్రవారం పొద్దున అయిదింటికల్లా కారుతో వస్తానని చెప్పి, నమస్కారం పెట్టి బయటపడ్డాడు.

గేటు దాటాక వీరబాబుకి ఫోన్ చేశాడు.

"అన్నా, పార్టీ ఖాయం. బల్లకట్టు మీద పోతారంట. కాగితం కూడా రాయించుకున్నా."

"కాగితమేంట్రా? నేనెప్పుడడిగాను?"

"నువ్వడగలేదులే అన్నా."

ఫోన్ పెట్టేసి, చొక్కాలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, సమాచార హక్కు కింద ఎనిమిది నెలలు తిరిగి సంపాదించిన జిరాక్సు పక్కన ఆ లెటర్‌హెడ్డు పెట్టి చూసుకున్నాడు సైదా: చీమలవాగు వంతెన నిర్మాణం సంపూర్ణంగా పూర్తయినదని, తాను స్వయంగా వెళ్లి చూశానని మూడేళ్ల కిందట రాసిన ఆ సర్టిఫికెట్ అడుగున, పచ్చ సిరా నల్లబడిందేగాని, మూడు చుట్లూ అవే, బల్లి తోకా అదే.