అద్దంలో కనపడ్డ ఇద్దరు

దగ్గరికి జరిగి కూర్చోండర్రా, ఇది ఇంటింటికీ మనసద్దాలు వచ్చిన కొత్తలో జరిగిన ముచ్చట. ఎవరైనా గొంతు పెంచితే చాలు, ఆ కోపం అసలు ఎవరి మీదో వాళ్ల ముఖం ఆ అద్దంలో కనపడేది.

తణుకులో దమయంతి ఒక రోజు మొగుడితో వేరు కాపురం పెడదామని పెట్టె సర్దేసింది. అత్తగారు అన్నపూర్ణమ్మ వంటింట్లోకి వచ్చి, ఎప్పటిలాగే అన్నం గిన్నె మూత తీసి చూసింది.

"నేనెంత తింటున్నానో కొలుస్తున్నారా అత్తయ్యా?" అని దమయంతి అరిచింది.

వంటింటి గోడకున్న అద్దం వెలిగింది. అందులో కనపడింది అత్తగారు కాదు, దమయంతిని పెంచి, గుప్పెడన్నానికి వంద మాటలు దెప్పి, ఎప్పుడో పోయిన పిన్ని.

"ఉడికిందో లేదో చూశానే! ఈ ఇంట్లో గిన్నె ముట్టుకోడానికి కూడా పనికిరానా నేను?" అని అన్నపూర్ణమ్మా అరిచింది. ఈసారి అద్దంలో ఆవిడ అత్తగారు! బతికున్నన్నాళ్లూ కోడల్ని పొయ్యి దగ్గరికి రానివ్వని మహాతల్లి.

ఇద్దరూ నోరెళ్లబెట్టారు.

"అయితే ఇన్నాళ్లూ పోయినోళ్లిద్దరూ మన వంటింట్లో కొట్టుకుంటున్నారంటావా?" అంది అన్నపూర్ణమ్మ.

"మధ్యలో మనం అన్నం మాడ్చుకుంటున్నాం అత్తయ్యా!" దమయంతికి నవ్వాగలేదు.

ఇంతలో దమయంతి పిలిపించిన డ్రైవర్ లేని బండి గుమ్మంలో ఆగి, ఎంతమంది ఎక్కుతారని అడిగింది.

"ఇద్దరు. మా పిన్నీ, మా అత్తయ్య వాళ్ల అత్తగారూ. గోదారొడ్డున దింపెయ్యి!" అంది దమయంతి.

ఖాళీ బండి బుద్ధిగా తలుపులేసుకుని వెళ్లిపోయింది.

ఈ ముచ్చట గుర్తుంచుకోండర్రా. మీ ఇంట్లో గొంతులు లేచినప్పుడు చెప్పండి, అద్దం లేకపోయినా పనిచేస్తుంది.