కింది స్వరం

లాండోలిన్ పెళ్ళాం ఆఫ్రా ప్రతి ఆదివారం గంపలో గడియారం పెట్టుకుని కొండమీది సెవెరిన్ ఇంటికి పోతోందట. నిండు గంపతో ఎక్కి నిండు గంపతోనే దిగుతోందట. పాలు పోసే మనిషి కళ్ళారా చూశాడట. ముసలాడికి తెలిస్తే గుండె పగిలి చస్తాడట.

పక్కింటి థెక్లా ఈ సంగతంతా మిల్లు ఆవిడకి చెప్పింది. చెప్పడం కూడా ఎక్కడో కాదు, లాండోలిన్ కిటికీ ఎదుటే, నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి. మంచు రోజులు. కిటికీకి రెండు వరసల అద్దాలు బిగించి ఉన్నాయి. అయినా బల్ల ముందు కూర్చున్న లాండోలిన్‌కి ఒక్క ముక్క కూడా పోలేదు. థెక్లా మాటని అద్దాలు ఆపిందెప్పుడు గనక.

చేతిలో ఉలి అలాగే ఉండిపోయింది. పెళ్ళాం కొండెక్కడం కాదు అతన్ని కోసింది. ఎక్కి ఎవరి గడప తొక్కిందన్నది.

సెవెరిన్ అతని చేతికింద పెరిగినవాడే. గడియారం పిట్టకి కూతనిచ్చే పీకకి ఏ చెక్క వాడాలి, దానికి నోరెంత కొయ్యాలి, అందులోకి గాలి ఊదే తిత్తికి గొర్రెతోలు ఎంత పలచగా గీకాలి, అన్నీ కన్నకొడుక్కి చెప్పినట్టు చెప్పాడు. ఆరేళ్ళ కిందట ఒకనాడు, గడియారాలు కొనే షావుకారు ఎదుటే వాడు “మేస్త్రీ, కింది స్వరం జారింది” అన్నాడు. గుడ్డులోంచి బయటపడకముందే తల్లికి కూత నేర్పే పిట్ట ఇదొకటి అని, వాడి పనిముట్లు వీధిలోకి విసిరేశాడు లాండోలిన్. మళ్ళీ వాడి మొహం చూడలేదు.

గడియారానికి చక్రాలు ఎవడైనా పెడతాడు. ఈ లోయలో ఒకడు బాకా ఊదే సిపాయిని పెట్టాడు. ఇంకొకడు గంట కొట్టే సన్యాసిని పెట్టాడు. అన్నీ అటకెక్కాయి. లాండోలిన్ తాత కోడిని పెట్టబోయి, దాని కూతకి ఎన్ని పీకలు కావాలో తెలిశాక దండం పెట్టి వదిలేశాడంటారు. నిలిచింది కుకూ పిట్ట ఒక్కటే. రెండే స్వరాలు, ఒకటి పైన, ఒకటి కింద. ఒకసారి వింటే పసిపిల్ల కూడా తిరిగి అంటుంది. లండన్‌లో పొగ మధ్య కాపురముండేవాళ్ళు కొని గోడకి తగిలించుకునేది చెక్కపెట్టెని కాదు, అడవిలో ఒక పొద్దుటిపూటని.

అందులో లాండోలిన్ పిట్ట గొంతు వేరు. కింది స్వరంలో చిన్న బెంగ ఉంటుందని షావుకారు ఇప్పటికీ అంటాడు. షావుకారంటే లాండోలిన్‌కి ఇష్టం. నున్నగా గీసిన మొహం. గడ్డాలవాళ్ళతోనే లాండోలిన్‌కి పొసగదు. ఉన్నిలోకి మాట్లాడతారని విసుక్కుంటాడు.

శనివారం కొత్త గడియారం పూర్తయింది. ముల్లు తిప్పాడు. చిన్న తలుపు తెరుచుకుంది. పిట్ట వంగి, తోకెత్తి, నోరు తెరిచింది. తిత్తిమీద వేలు ఆనించి చూసి, తృప్తిగా తల ఊపాడు.

“అచ్చం నీ పిట్టే” అంది ఆఫ్రా, ఎప్పుడూ అన్నట్టే.

ఆదివారం భోజనాలయ్యాక పిన్నికి గుడ్లు ఇచ్చొస్తానని గంప వీపుకెత్తుకుంది. గుడ్ల బరువుకి ఆ నడుం అంతలా వంగదు. లాండోలిన్ కోటు తొడుక్కుని వెనకే బయల్దేరాడు. గడ్డకట్టిన మంచు. అతను ఆమెని కనుచూపు దాటనివ్వకుండా, దర్జాగా బూట్లు మంచులోకి దిగేస్తూ ఎక్కాడు. ఆమె ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

లాండోలిన్ సెవెరిన్ ఇంటి కిటికీలోంచి లోపలికి చూశాడు. బల్లమీద తన గడియారం. కప్పు ఊడదీసి ఉంది. సెవెరిన్ ఒక పీకని పెదవులకి ఆనించి ఊదుతున్నాడు, ఆఫ్రా పక్కన నిలబడి చెవి వంచి వింటోంది. ఇంకా కిందికి, అన్నట్టు చెయ్యి దించుతోంది. లాండోలిన్ తన చేత్తో చెక్కిన రెండు పీకలూ పొయ్యి పక్కన పుల్లల బుట్టలో పడున్నాయి.

పుల్లల బుట్టలో.

తలుపు తోసుకుని లోపలికి పోయాడు. ఇద్దరిలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు.

“నలభై ఏళ్ళు నా కంచంలో తిన్నదానివి” అన్నాడు ఆఫ్రాతో. “నా గొంతు వీడికి అమ్మడానికి నువ్వే గంప మోశావా? ‘అచ్చం నీ పిట్టే’ అన్నావే నిన్న, ఆ నోరు ఎలా వచ్చింది?”

అతని గొంతు ఎంత పైకి పోయిందో, మూల పడుకున్న కుక్క లేచి బల్ల కిందికి దూరింది.

సెవెరిన్ తల వంచుకుని ఏదో అన్నాడు.

“తలెత్తి మాట్లాడరా” అన్నాడు లాండోలిన్. “తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడికి నేలచూపులెందుకు? నా పీకలు పొయ్యిలోకి, నీ పీకలు నా గడియారంలోకి. పైన మాత్రం నా పేరు. ఇదేనా నా దగ్గర నేర్చుకున్న విద్య?”

సెవెరిన్ తలెత్తలేదు. చేతిలో పీకని తుడిచి, మెల్లగా బల్లమీద పెట్టాడు.

ఆఫ్రా ముందుకొచ్చింది. కిటికీ వెలుగు తన మొహంమీద పడేలా నిలబడింది. లాండోలిన్ గడ్డం పట్టి తనవైపు తిప్పుకుని, ఒక్కొక్క మాటా విడదీసి అంది.

“నీకు చెవులు పోయాయని ఊరంతటికీ తెలుసు, ఈ ఆరేళ్ళూ నీ పిట్టలు కూసింది ఇతని పీకలతోనే.”