పేరు చెప్పని రివ్యూయర్

"వాడెవడో పేరు చెప్తావా, మీ పత్రికని మూట కట్టించమంటావా?"

డీన్ విసిరిన కాగితాలు లైబ్రరీ వెనకగది బల్ల మీద జారి సంపాదకురాలి ఒళ్లో పడ్డాయి. ఆవిడకి ఇంట్లో ఈయన బావగారు, ఇక్కడ డీన్. రెండు చోట్లా ఎదురు చెప్పినవాళ్లు బాగుపడిన దాఖలాలు లేవు.

"నా వ్యాసం పనికిరాదట! రాసినవాడికి విషయమే తెలియదట! ఎవడా రివ్యూయర్?"

"అది మీ వ్యాసమని కూడా నాకు తెలియదు సార్. పేర్లు నాకూ కనపడవు."

నిజమే. ఎవరైనా పైసా కట్టకుండా చదువుకునే పరిశోధన పత్రిక పెడదామని ఆవిడ కాళ్లరిగేలా తిరిగితే గదీ, కంప్యూటరూ, మనుషులూ ఇచ్చింది ఈ లైబ్రరీ ఒక్కటే. ఎవరూ వేలెత్తి చూపకూడదని నియమం పెట్టింది మాత్రం ఆవిడే. వ్యాసం రాగానే రాసినవాళ్ల పేరు సిస్టమే చెరిపేస్తుంది. చదివి మంచిచెడ్డలు తేల్చే రివ్యూయర్‌గా దాన్ని ఎవరికి పంపారో లైబ్రేరియన్ ఒక్కావిడకే తెలుసు.

"పోనీ, తప్పులేమిటో మీరొకసారి చదివి చూస్తే..."

"చదివే తీరిక నాకెక్కడిదమ్మా? నాకొచ్చే కాగితాలూ, నా రాతకోతలూ అన్నీ మా పరిశోధక విద్యార్థులే చూసుకుంటారు. వాళ్లు రాస్తే నేను రాసినట్టే." జేబులోంచి కలం తీశాడు. "పేరు చెప్పొద్దులే. వాణ్ణి పీకేయండి, నా కళ్లముందే. లేదంటే లైబ్రరీ సాయం ఇవాళ్టితో సరి."

సాయం కొనసాగించే ఉత్తర్వు ఆయన సంతకం కోసమే బల్ల మీద పడి ఉంది. అది పడకపోతే రేపు రావలసిన మొదటి సంచిక రాదు.

"తీయను సార్," అంది సంపాదకురాలు. "ఉన్నమాట రాసినందుకు మనిషిని తీసేస్తే, ఈ పత్రిక ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"నేను తీసేస్తాను," అంది లైబ్రేరియన్, అంతవరకూ కంప్యూటర్ ముందు పని చేసుకుంటున్న మనిషి.

"మేడమ్! మీరు కూడానా?" సంపాదకురాలికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వుండమ్మా. సార్, ముందు ఆ సంతకం పడేయండి. తర్వాత మీరూ మర్చిపోతారు, నేనూ మర్చిపోతాను."

డీన్ గెలిచినవాడిలా నవ్వి సంతకం గీకాడు. లైబ్రేరియన్ ఆ ఉత్తర్వును సొరుగులో పెట్టి తాళం వేసింది. తాపీగా కళ్లజోడు సర్దుకుని తెర వైపు తిరిగింది.

"ఒకసారి తీస్తే మళ్లీ చేర్చడం కుదరదు సార్. ఖాయమేనా?"

"చదవడం చేతకాని దద్దమ్మని ఉంచుకుని ఏం చేసుకుంటారు? తీసెయ్యండి!"

ఆవిడ మీట నొక్కింది.

"రివ్యూయర్ల జాబితాలోంచి మీ పేరు తీసేశాను సార్."